గుమ్మం పక్క స్టూలు

మా కుట్టు షాపులో ఒక మాటుంది. బయటివాళ్ళకి అర్థం కాదు. పెళ్ళి సంబంధం మాటల దాకా వచ్చి తప్పిపోతే "స్టూలుకొచ్చింది" అంటాం. అద్దె ఇల్లు కుదిరినట్టే కుదిరి ఓనరు మాట మార్చినా స్టూలే. మా ఇస్త్రీ ఆయన సిగరెట్లు మానేశానని నలుగురికీ చెప్పి, నాలుగు రోజులు తిరక్కుండా మళ్ళీ ముట్టిస్తాడు. "ఏం, స్టూలెక్కారా?" అని అందరం కలిసి ఏడిపిస్తాం. కథ మళ్ళీ మొదటికొచ్చిందని లోకమంతా అనేదాన్నే మేం మా గదిలో ఉన్న సామానుతో చెప్పుకుంటాం, అంతే.

కోటు వదులు చేయించుకోవడానికి వచ్చిన ఇంగ్లీషు మాస్టారొకాయన ఈ మాట విని ముచ్చటపడిపోయాడు. ఇంగ్లీషులోనూ ఇలాంటిదే ఉందట, మొదటి గడికి తిరిగి రావడమని. పాము నిచ్చెన ఆటలోంచి వచ్చిందని కొందరంటారట, కాదు కాదు ఇంకెక్కడినుంచో అని మరికొందరు వాదిస్తారట. "మనిషి ఊరికే ఇంటికి తిరిగొస్తే వాడకూడదమ్మా. కష్టపడి చేసుకొచ్చిందంతా పోయి, మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాలి. అప్పుడు వాడాలి," అని వివరంగా చెప్పాడు. చెప్పినంతసేపూ బొత్తాం పట్టక పొట్ట లోపలికి పీల్చుకునే ఉన్నాడు పాపం. ఆయన గడి ఆటలో ఉంటుంది. మా స్టూలు నిజంగానే ఉంది, గంటసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది.

మా గది పొడుగ్గా, రైలు పెట్టెలా ఉంటుంది. గుమ్మం పక్కన ఆ స్టూలు. దాని మీద కూర్చున్నవాళ్ళ పని కుట్లు విప్పడం, దారాలు పీకడం. పాత కోట్లు, వదులు చెయ్యాల్సినవి, ఎవరో తప్పు కుట్టినవి అన్నీ అక్కడికొస్తాయి. తర్వాత బొత్తాల బల్ల. తర్వాత అంచులు మడిచేచోటు, ఆపైన నా కాజాల మిషను, కాలర్లు, చేతులు ఎక్కించే మిషను. చిట్టచివర, కిటికీ కింద, కటింగ్ బల్ల. గదిలో కిటికీ అదొక్కటే. వెలుతురంతా కటింగ్ వాళ్ళకి, వీధి దుమ్మంతా స్టూలు వాళ్ళకి.

పెద్దాయన, అంటే మా యజమాని, వాళ్ళ నాన్న కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. షాపు వదిలి పోయేవాళ్ళు పోవచ్చు. తిరిగి రావాలంటే రావచ్చు. కాని ఎంత పనిమంతులైనా వచ్చి స్టూలు మీదే కూర్చోవాలి, ఒక్కో చోటూ దాటుకుంటూ పైకి రావాలి. మధ్యలో పని చెడగొడితే మళ్ళీ స్టూలు. తన చోటు తనంతట తాను వదులుకున్నవాళ్ళకీ అదే. పని చెడిందో లేదో తేల్చేది కటింగ్ బల్ల దగ్గరున్న మనిషి. ముక్క కత్తిరించి ఇచ్చింది వాళ్ళు కనక, అది ఏమై తిరిగొచ్చిందో చూసి చెప్పేదీ వాళ్ళే. పెద్దాయన కూడా ఆ మాట దాటడు.

ఆ బల్ల దగ్గర అప్పుడున్నది ఒక అమ్మాయి. ముప్పై లోపే. అందరం చిన్న కత్తెర అనేవాళ్ళం, ఎందుకంటే పెద్ద కత్తెర వాళ్ళమ్మ. కత్తెరమ్మ మా దగ్గర పనిచేసిన రోజుల్లో జనం మా షాపు పేరు చెప్పేవారు కాదు, "కత్తెరమ్మ చేతి కోటు" అని చెప్పుకునేవారు. మనిషిని ఎగాదిగా ఒకసారి చూసి, టేపు ముట్టుకోకుండానే గుడ్డ మీద సుద్ద గీత గీసేది. ఒక భుజం కుంగినవాళ్ళు, వీపు వంగినవాళ్ళు ఆవిడ కోటు తొడుక్కుంటే తిన్నగా కనిపించేవారు. అలాంటి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు.

మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు. బడి వదలగానే ఆ పిల్ల వచ్చి బల్ల కింద గుడ్డముక్కల్లో కూర్చునేది. ఇంతలో పెద్ద ఊళ్ళోని రెడీమేడ్ బట్టల కంపెనీవాళ్ళు కత్తెరమ్మని రమ్మన్నారు. కుదురుకోగానే పిల్లని తీసుకెళ్తానని చెప్పి, పెద్దాయన భార్య చేతిలో పెట్టి వెళ్ళింది. కుదురుకుంది. తీసుకెళ్ళలేదు. మొదట్లో ఎప్పుడైనా ఫోను చేసేది. "నన్నెప్పుడు తీసుకెళ్తావమ్మా?" అని పిల్ల అడిగేలోగా అవతల పనుందని పెట్టేసేది. తర్వాత అదీ లేదు. ఎవడో ఉండే ఉంటాడని అందరం తేల్చేశాం. ఆడది బిడ్డని వదిలేసిందంటే, మధ్యలో ఒక మగాణ్ణి పెట్టుకోకపోతే మన బుర్రకి ఎక్కదు కదా.

పిల్ల బడి మానేసి స్టూలెక్కింది. పెద్దాయన బుజ్జగించాడు, ఆయన భార్య రెండు తగిలించింది, మొండిఘటం వింటేనా! ఒక్కో చోటూ దాటుకుంటూ చివరికి కిటికీ కిందికి చేరింది. తల్లంత చెయ్యి కాదు. అయినా మంచి చెయ్యే, మా షాపు అన్నం తినేది ఆ చేతి మీదే. నన్ను అత్తా అంటుంది. పెద్దాయనని మావయ్యా అంటుంది. అమ్మ అనే మాట మాత్రం ఆ పిల్ల నోట మేమెవరం వినలేదు.

ఒక మధ్యాహ్నం కత్తెరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఒక సంచి. జుట్టు నెరిసింది, మనిషి సగమైంది.

"ఏం వదినా, ఇంకా కాజాలేనా?" అంది నన్ను చూసి, నిన్న సాయంత్రం వెళ్ళి పొద్దున వచ్చినట్టు.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఆవిడ చూపు మాత్రం మా ఎవరి మీదా నిలవలేదు, నేరుగా కిటికీ దగ్గరికి పోయింది. కూతుర్ని చూడ్డానికి కూడా ధైర్యం చాలక బల్లని చూస్తోందనుకున్నాను.

"పని కావాలన్నయ్యా," అంది. "కంపెనీలో కోసే మిషను పెట్టారు. పొరలు పొరలుగా పేర్చి మీట నొక్కితే అదే కోసేస్తుంది. నన్ను ప్యాకింగులో వేస్తామన్నారు. వచ్చేశాను."

చిన్న కత్తెర అప్పుడు ఇటు తిరిగింది. మొహంలో ఏమీ లేదు. చేతిలో సుద్దముక్క మాత్రం రెండుగా విరిగింది.

"ఇక్కడి పద్ధతి తెలుసు కదండీ?" అంది.

కన్నతల్లిని అండీ అనడం నేనెక్కడా వినలేదు. చెంపదెబ్బ నయం.

"తెలుసు."

"అయితే కూర్చోండి."

"అది కాదు తల్లీ," అన్నాడు పెద్దాయన, "ఎంతైనా మీ అమ్మ..."

"పద్ధతి మీ నాన్నగారిది మావయ్యా. తీసేద్దామంటే చెప్పండి, నేనూ ఇంకో షాపు చూసుకుంటాను."

పెద్దాయన కుర్చీలో చతికిలబడ్డాడు. కత్తెరమ్మ సంచి గోడకి ఆనించి, స్టూలు మీద కూర్చుని, "బ్లేడివ్వండి," అంది. అలా మొదలైంది.

మొదటి రోజే కాపలావాళ్ళ యూనిఫాం కోట్లు ఆవిడ ఒళ్ళో పడ్డాయి. నల్ల గుడ్డ, నల్ల దారం, ప్రతి కుట్టూ రెండు వరసలు. కళ్ళజోడు పెట్టుకున్నా ఆ వయసులో కనిపించే పని కాదు. ఒక్కోటీ మొహానికి ఆనించుకుని విప్పింది. సాయంత్రానికి అన్నీ పూర్తిచేసి తీసుకెళ్తే, చిన్న కత్తెర వాటిని వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇక్కడ దారం మిగిలిందండీ. ఇక్కడ కూడా. మళ్ళీ చూడండి," అంది. స్టూలు వైపు ఫ్యాను ఆపేయించింది, గుడ్డ ఎగిరిపోతోందట. ఆ ఫ్యానుకీ కటింగ్ బల్లకీ మధ్య గదంతా ఉంది. గాలి అక్కడిదాకా పోవాలంటే టిక్కెట్టు కొనుక్కోవాలి. ఆ మాట నేను పైకే అన్నాను. పిల్ల విననట్టు సుద్ద గీత గీసుకుంటూ పోయింది.

బొత్తాల బల్లకి రానిచ్చింది. అక్కడ ఆవిడ కుట్టిన ప్రతి బొత్తాన్నీ కత్తెర మొన దూర్చి లాగి చూసేది. అలా లాగితే గుడ్డైనా చిరుగుతుంది, బొత్తాం ఎంత! ఒకటి ఊడి నేల మీద దొర్లుకుంటూ పోయింది.

"ఊడిందండీ," అంది పిల్ల.

కత్తెరమ్మ వంగి బొత్తాం ఏరుకుని, పోయి స్టూలు మీద కూర్చుంది.

మళ్ళీ పైకొచ్చింది. అంచులు దాటింది, నా పక్కకీ వచ్చింది. నా మిషను మీద ఆవిడ కాజాలు వేస్తుంటే నేను పని మానేసి చూస్తూ కూర్చునేదాన్ని. ఆ రోజుల్లోనే పాత ఖాతాదారు ఒకాయన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయి, "మీరు కత్తెరమ్మ కదూ? నా పెళ్ళి కోటు కోసింది మీరే కదూ?" అన్నాడు సంబరంగా. ఆవిడ నోరు తెరిచేలోగా బల్ల దగ్గర్నుంచి జవాబొచ్చింది.

"కాదండీ. ఆవిడ కొత్తగా చేరారు. ఇంకా నేర్చుకుంటున్నారు."

ఆయన నొచ్చుకుని, పొరపాటు పడ్డానని చెప్పి, కొలతలిచ్చి పోయాడు. కత్తెరమ్మ కాజా వేసుకుంటూ పోయింది. మా ఇస్త్రీ ఆయన ఇస్త్రీపెట్టె దించి బయటికెళ్ళి ఒక సిగరెట్టు కాల్చొచ్చాడు. ఆ రోజు ఎవరం ఏడిపించలేదు.

కాలర్ల దగ్గర జరిగింది మరీ ఘోరం. చిన్న కత్తెర ఇచ్చిన కాలర్ ముక్క మెడ కొలత కంటే అర వేలెడు పొట్టి. పొరపాటున కత్తిరించింది కాదు. ఆ పిల్ల అలాంటి పొరపాటు పొరపాటున కూడా చెయ్యదు. కత్తెరమ్మ ముక్కని చేత్తో పట్టుకోగానే ఆగింది. బొటనవేలు ఆనించి కొలుచుకుంది. ఒకసారి బల్ల వైపు చూసింది. చూసి, ఏమీ అనకుండా కుట్టేసింది. పొట్టి ముక్క సాగదీసి కుడితే మెడ చుట్టూ ముడతలు రాక ఏమొస్తాయి? పిల్ల ఆ కోటుని అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

"కాలర్ కుట్టడం కూడా రాదాండీ?"

మళ్ళీ స్టూలు. ఇంటికెళ్ళి మా ఆయనకి చెబుతూ బావురుమన్నాను. "తెలిసి కూడా నోరెత్తలేదు చూడండి. చేసిన పాపం కడుక్కుంటోంది. తల్లి మనసంటే అదీ!" అన్నాను. అన్నం చల్లారిపోతోందన్నాడు ఆయన. మగాళ్ళకి ఇలాంటివి ఎక్కవని అప్పుడనుకున్నాను.

సెలవు రోజు చూసుకుని చిన్న కత్తెర ఇంటికి బయల్దేరాను. నాలుగు దులిపేద్దామనే వెళ్ళాను. రెండు గదుల ఇల్లు, ఒంటరి మనిషి. లోపలి గదిలోకి పోయి చూద్దును కదా, రెండు మంచాలు. రెండోది కొత్తది. కిటికీ పక్కన వేసి, మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. అలమారలో సగం ఖాళీ చేసి పెట్టింది.

"ఎవరికే ఇది?" అన్నాను.

"ఎవరికైతే ఏం?"

"ఎప్పుడు కొన్నావు?"

పిల్ల మొహం తిప్పుకుంది. "ఆవిడొచ్చిన మర్నాడు," అంది.

నా కోపమంతా నీరుకారిపోయింది. మంచం మీద కూర్చోబోతే, "దాని మీద వద్దత్తా, ఇటు కూర్చో," అంది. చిన్నపిల్ల తన బొమ్మని ముట్టుకోనివ్వనట్టు.

"మరి ఇంత పెట్టుకుని ఆవిణ్ణి అలా కాల్చుకు తింటావేమే?"

"అడగాలత్తా. నీ దగ్గరుంటానే, నన్ను తీసుకెళ్ళవే అని నోరు తెరిచి అడగాలి. నేనడగలేదా ఫోన్లో? ఎన్నిసార్లడిగానో ఆవిడకి తెలుసు. ఆవిణ్ణి ఒక్కసారి అడగమను. ఆ క్షణమే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేస్తా. అడిగేదాకా మాత్రం ఎక్కిస్తా, దింపుతా."

"అడక్కపోతే?"

"అడుగుతుంది. లేకపోతే ఇన్నిన్ని మాటలు పడుతూ ఎందుకుంటుంది చెప్పు? ఊళ్ళో షాపులు లేవా? నాకోసమే కదా ఉంది."

నిజమే అనిపించింది. నాకోసమే కదా అన్నప్పుడు ఆ పిల్ల గొంతు వింటే ఎవరికైనా నిజమనే అనిపిస్తుంది. "పెద్దది, సిగ్గుపడుతోందేమోనే. నువ్వే ఒక మెట్టు దిగి పిలవరాదూ?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. అప్పటికి ఊరుకున్నాను కాని, ఆ తర్వాత కనిపించినప్పుడల్లా అదే మాట చెవిలో వేశాను. మా పనిలో ఉన్నవాళ్ళకి విడిపోయిన రెండు ముక్కలు కనిపిస్తే ఊరుకోలేం, అదొక రోగం.

పిల్లని మెత్తబరిచింది నా మాటలు కావు, బ్లేడు. పాత కోటు భుజం విప్పుతుండగా బ్లేడు జారి కత్తెరమ్మ కుడి అరచేతిలో దిగింది. లేతరంగు లైనింగు మీద ఇంత రక్తం.

"కోటు!" అని అరిచింది చిన్న కత్తెర. అరిచాక చెయ్యి చూసింది. మొహం పాలిపోయింది. పరుగున వచ్చి గుడ్డ చుట్టబోతే కత్తెరమ్మ ఆగమంది. బొటనవేలు, పక్క రెండు వేళ్ళు దగ్గరికి తెచ్చి, విప్పి, మళ్ళీ దగ్గరికి తెచ్చింది. కత్తెర ఆడించినట్టు. రక్తం మోచేతికి కారుతున్నా అలాగే రెండు మూడుసార్లు చూసుకుంది.

"పర్లేదు, పనిచేస్తున్నాయి," అని అప్పుడు చెయ్యి చాపింది.

పిల్ల గుడ్డ రెండు పొరలు చుట్టి గట్టిగా కట్టింది.

మర్నాడు అందరం అన్నాలు తిన్నాక, గిన్నెలు కడిగి ఇంకా మిషన్లు మొదలెట్టక ముందు, చిన్న కత్తెర బల్ల దగ్గర్నుంచి కదిలింది. గది పొడుగునా నడిచి, గుమ్మం దగ్గరికొచ్చి, స్టూలు ముందు గొంతుక్కూర్చుంది.

"అమ్మా," అంది.

కత్తెరమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరినో పిలిచిందనుకుని. వెనక గోడుంది.

"నిన్నేనమ్మా. ఇంటికి పోదాం రా. ఇక ఈ పనొద్దు. నీకు మంచం వేశాను, కిటికీ పక్కనే. నువ్వేం చెయ్యక్కర్లేదు. కూర్చో చాలు, నేను చూసుకుంటా."

నేను అప్పటికే కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇస్త్రీ ఆయన ముక్కు చీదాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుస్తున్నాడు.

"మరి బల్ల?" అంది కత్తెరమ్మ.

"బల్లేంటి?"

"బల్ల దగ్గరికి ఎప్పుడు రానిస్తావు?"

పిల్ల ఏడుస్తూనే నవ్వింది. "ఇంకా నీకు పనెందుకమ్మా? ఇన్నాళ్ళు చేసింది చాల్లే."

"కూర్చోడానికి రాలేదే నేను." కత్తెరమ్మ ఒళ్ళోని కోటు మడిచి పక్కన పెట్టింది. గొంతులో కోపం లేదు, కొలతలు చెబుతున్నట్టు చెప్పింది. "నువ్వేదో అనుకుంటున్నావు. అందరూ అదే అనుకుంటున్నట్టున్నారు, మా వదిన మొహం చూస్తే తెలుస్తోంది. నేను నీకోసం రాలేదు. అబద్ధమాడి నీ ఇంట్లో తినడం నాకిష్టం లేదు. చేత్తో కోసే బల్ల నాకు తెలిసి ఇదొక్కటే మిగిలింది. దాని దగ్గర నువ్వున్నావు. నీ చోట్లో ఇంకెవరున్నా ఇలాగే కూర్చునేదాన్ని."

"కాలర్ పొట్టిగా ఇచ్చాను," అంది పిల్ల. "తెలిసి కూడా ఊరుకున్నావు కదా. నాకోసం..."

"చేత్తో పట్టుకోగానే తెలిసింది. అడిగితే పొమ్మంటావని ఊరుకున్నా." బల్ల వైపు చూసింది. "కావాలని కోశావు కాబట్టి సరిపోయింది. కాని మామూలప్పుడు కూడా చంక వంపు దగ్గరికొచ్చేసరికి నీ చెయ్యి ఆగుతుంది. ఇక్కణ్ణించి రోజూ చూస్తున్నాగా. అక్కడ ఆగితే కోటు భుజం నిలబడదు. బల్లకి నువ్వు చాలవు."

తిట్టినా బాగుండేది. శాపనార్థాలు పెట్టినా, జుట్టు పట్టుకుని కొట్టినా ఆ పిల్ల పండగ చేసుకునేది. అందులో ఇంత కసి ఉన్నా కూతురిగా చూసినట్టుండేది. ఆవిడ ఎవరో పనివాళ్ళ పని గురించి చెప్పినట్టు చెప్పింది. ఇన్నాళ్ళూ నేను ఆవిడ కోసం కార్చిన కన్నీళ్ళన్నీ గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవడో మగాడు ఉండుంటే ఎంత బాగుండేది అనిపించింది. మగాడి కోసం బిడ్డని వదిలిందంటే అర్థం చేసుకుని తిట్టుకునేవాళ్ళం.

పిల్ల గొంతుక్కూర్చునే ఉంది. అలాగే తలెత్తింది.

"బల్ల ఇస్తే వస్తావా?" అంది.

"ఎక్కడికి?"

"ఇంటికి. నాతో ఉంటావా?"

కత్తెరమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, ఉన్న గుడ్డలో కోటు వస్తుందా రాదా అని చూసినట్టు.

"ఉంటాలే," అంది. "ఇక్కడికి దగ్గరే కదా, నడక కలిసొస్తుంది."

"వద్దే పిచ్చిమొహమా!" అని అరిచాను నేను. "ఏమిచ్చి ఏం కొనుక్కుంటున్నావే?"

పెద్దాయన కూడా లేచాడు. "తొందరపడకు తల్లీ. చోటు నీ అంతట నువ్వు వదులుకున్నావంటే, పద్ధతి ప్రకారం..." అని మిగతాది మింగేశాడు.

"తెలుసు మావయ్యా," అంది పిల్ల.

కత్తెరమ్మ అప్పటికే స్టూలు మీంచి లేచింది. గది పొడుగునా నడిచి వెళ్ళింది. కిటికీ కింద నిలబడి, కట్టు కట్టిన చేత్తోనే కత్తెర తీసుకుని, కూతురు సగం కోసి వదిలిన గుడ్డని దగ్గరికి లాక్కుంది. వంపు దగ్గర ఆవిడ చెయ్యి ఆగలేదు. ఎంత అందంగా కోసిందో చెప్పకుండా ఉండలేను. నోట్లోంచి తిట్లొస్తుంటే కళ్ళు మాత్రం ఆ చేతినే చూశాయి.

ఇప్పుడు మా షాపుకి తీరిక లేదు. కత్తెరమ్మ తిరిగొచ్చిందని తెలిసి పాత ఖాతాదారులంతా వస్తున్నారు. పెద్దాయన సంతోషంగానే ఉన్నాడు, నా వైపు మాత్రం చూడడు. తల్లీకూతుళ్ళు పొద్దున్నే కలిసే వస్తారు. తల్లి ముందు నడుస్తుంది, కూతురు ఇద్దరి అన్నం గిన్నెలూ మోసుకుంటూ వెనక వస్తుంది.

"ఇంట్లో మాట్లాడుతుందా?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకు మాట్లాడదత్తా? పని గురించి మాట్లాడుతుంది," అంది. "తెలుసా, నిద్రలో కూడా వేళ్ళాడిస్తుంది." గొప్పగా చెప్పింది.

చిన్న కత్తెర చేతికి దారాలు పీకే పని ఎంత? ఆ పిల్ల తల్చుకుంటే వారం తిరక్కుండా కాలర్ల దాకా వచ్చేస్తుంది. ఇంకా స్టూలు మీదే ఉంది. పొద్దస్తమానం బల్ల దగ్గర్నుంచి కేక వినిపిస్తుంది. "ఇదిగో అమ్మాయ్, దారాలు మిగిలాయి, ఇలా రా." పరుగెత్తుతుంది. "మళ్ళీ మొదట్నుంచి చెయ్యి," అంటుంది కత్తెరమ్మ తలెత్తకుండా. "సరేనమ్మా," అంటుంది పిల్ల. కత్తెరమ్మ అలా అనడంలో కక్ష ఉందేమోనని నేను ఎంతో ఆశగా కనిపెట్టి చూశాను. లేదు. దారాలు నిజంగానే మిగులుతున్నాయి.

నిన్న కాజాల దారం అయిపోతే తెచ్చుకోవడానికి లేచి, స్టూలు పక్కన నిలబడ్డాను. పిల్ల కోటు చంక కింద వేలు పోనిచ్చి తడిమి చూస్తోంది. కుట్టులో చిక్కుకున్న దారప్పోగు వేలికి తగిలింది. ఆగింది. దాన్ని అలాగే వదిలేసి, కోటు మడిచి, అయిపోయినవాటి మీద పెట్టింది.

"కళ్ళు కనిపించడం లేదుటే?" అన్నాను.

"ష్, ఊరుకో అత్తా," అంది మెల్లిగా, నవ్వుతూ. "అన్నీ తీసేస్తే ఇంకెందుకు పిలుస్తుంది?"

అంతలో బల్ల దగ్గర్నుంచి పిలుపొచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.